పక్క సీటు బ్రేకు

మా పేటలో కారు నడపడం వచ్చిన ఎవరినైనా ఆపి, మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నది ఏ బండిలో అని అడిగితే, చాలామంది చెప్పేది ఒక్క బండి గురించే. తెల్లటి చిన్న కారు. నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు, ముందూ వెనకా ఎర్రరంగు ఎల్ అక్షరం, ఎడమ తలుపు మీద ఎంత కొట్టించినా పోని సొట్ట. డ్రైవరు వైపు అద్దం సగం దిగి ఆగిపోయేది. రెండో గేరు ఓ పట్టాన పడేది కాదు. బతిమాలి, బామాలి వెయ్యాల్సిందే.

మందుల షాపాయన ఆ బండిలో రివర్సు నేర్చుకుంటూ తన షాపు షట్టరునే గుద్దాడు. లెక్కల మాస్టారు ప్రతి మలుపుకీ ముందు అది ఎన్ని డిగ్రీలో పైకి చెప్పేవారు. ఆయన చెప్పడం పూర్తయ్యేలోగా మలుపు వెనకబడిపోయేది. ఉప్పూ నిప్పూలా ఉండే అత్తాకోడళ్ళిద్దరు ఒకే నెలలో చేరారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక కూర్చునేవారు. ఇంట్లో పలకరింపులు కూడా లేని ఆ ఇద్దరూ బండెక్కాక మాత్రం "సైకిలు, సైకిలు" అనీ "కుక్క, కుక్క" అనీ ఒకరినొకరు హెచ్చరించుకునేవారు. ఇక నా సంగతి. నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగిపోయి, మళ్ళీ కదిలించలేక చెమటలు కక్కుతుంటే, వెనక బస్సు డ్రైవరు దిగి వచ్చి, "మీరలా తీరిగ్గా కూర్చోండి బాబూ, మేమే చుట్టూ తిరిగి పోతాం" అన్నాడు. పక్క సీట్లో ఉన్న ఆవిడ నవ్వలేదు. "ఆయనకి థాంక్స్ చెప్పు తమ్ముడూ. చెప్పి, క్లచ్ నెమ్మదిగా వదులు" అంది.

ఆవిడే బ్రేకక్క. నేర్పే బండ్లలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు మీద ఆవిడ కాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది కాబట్టి ఎవరో ఆ పేరు పెట్టారు, అదే స్థిరపడిపోయింది. నలభై అయిదేళ్ళ మనిషి, బక్కపలచగా ఉండేది. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. భర్త రొట్టెల ఫ్యాక్టరీలో వ్యాను తోలేవాడనీ, చిన్న వయసులోనే పోయాడనీ, డ్రైవింగ్ ఆయనే నేర్పాడనీ అందరికీ తెలుసు. అంతకు మించి అడిగితే గేరు మార్చినంత సులువుగా మాట మార్చేసేది.

నాది ఆవిడ ఆఫీసు గదిని ఆనుకుని ఉన్న ఫోటో స్టూడియో. లైసెన్సుకి ఫోటో కావాలి కనక ఆవిడ దగ్గర చేరినవాళ్ళంతా ముందు నా స్టూలు మీద కూర్చుని, తరవాత ఆ సీట్లో కూర్చునేవారు. నర్సమ్మాయి కూడా అలాగే వచ్చింది.

పెద్దాసుపత్రిలో నర్సుగా చేసేది. పొట్టి మనిషి, కానీ నోరు మాత్రం తగని పొడుగు. స్టూలెక్కి కూర్చుని, "అన్నా, పోలీసాయన చూసి జడుసుకోకుండా ఉండేలా తియ్యి" అంది. కారెందుకమ్మా అని అడిగితే, "మా అమ్మ కోసం. చిన్నపిల్లల బడిలో ఆయా. మోకాళ్ళు రెండూ పోయాయి. బస్సు మెట్టెక్కాలంటే ఏడుపొక్కటే తక్కువ. కారు కొన్నాక రోజూ బడి గేటు ముందు దింపుతా. రాణీగారిలా దిగుతుంది చూడు" అంది.

బ్రేకక్క ఎవరినీ మెచ్చుకునేది కాదు. మెచ్చుకుంటే నెత్తికెక్కుతుందని కాదు, కాలికెక్కుతుందని ఆవిడ భయం. అలాంటిది ఆ పిల్ల చేరిన కొద్ది రోజులకే, బండి కడుగుతూ నాతో అంది: "ఈ పిల్ల కాలు చాలా తేలిక తమ్ముడూ. నా కాలికి పని లేకుండా చేసింది."

ఆ మాట పిల్ల చెవిన పడనే పడింది. ఆ రోజు నుంచీ బండెక్కగానే, "అక్కా, నీ కాలు లేచే ఉందా, పడుకుందా?" అని అడిగేది. బ్రేకక్క నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగేది. పాఠం అయ్యాక ఇద్దరూ గది మెట్ల మీద కూర్చుని ఏవో కబుర్లు చెప్పుకునేవారు. బ్రేకక్క పిల్లాపీచూ లేని మనిషి. ఆ పిల్ల ఆలస్యమైతే రోడ్డు వైపు చూస్తూ ఉండేది. పిల్లకి మొదటి పరీక్షలోనే లైసెన్సు వచ్చింది. చేతులు మారిన నీలం కారొకటి కొనుక్కుంది. మా ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా రెండుసార్లు హారను కొట్టేది. బ్రేకక్క లోపల్నించే చెయ్యి ఊపేది.

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం చీకటి పడే వేళ, ఆ పిల్ల డ్యూటీకి వెళ్తోంది. ఊరి చివర పెద్ద రోడ్డు మీద చెడిపోయిన లారీ ఒకటి ఆగి ఉంది. లైట్లు లేవు. జాగ్రత్త పడమని చెప్పడానికి వెనక ఒక రాయి కూడా పెట్టలేదు. జోరున వాన. నీలం కారు వెళ్ళి ఆ లారీ కిందకి దూరింది. ఆ పిల్ల పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు, అప్పటికే ప్రాణం లేదు.

తెల్లవారాక కబురు మా వీధికి వచ్చింది. బ్రేకక్క అప్పుడే ఒకతన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, అద్దాలు సరిచేయిస్తోంది. మందుల షాపాయన వచ్చి చెప్పాడు. ఆవిడ డ్రైవరు సీటు వైపు తిరిగింది. "ఇవాళ వద్దు బాబూ, దిగు" అంది అతనితో. అతను దిగాక కూడా చాలాసేపు ఆ పక్క సీట్లోనే కూర్చుండిపోయింది. తరవాత ఆ పిల్ల ఇంటికి బయల్దేరింది, నేనూ వెంట వెళ్ళాను. ఇంటి ముందు జనం. వరండాలో ఒక కుర్చీలో తల్లి కూర్చుని ఉంది. ఎవరో మంచినీళ్ళ గ్లాసు ఇస్తే, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుని ఉంది. బ్రేకక్క రోడ్డుకి ఇవతలే ఆగిపోయింది.

"పద అక్కా" అన్నాను.

"ఏమని చెప్పను తమ్ముడూ? నేనే నేర్పానని చెప్పనా?" అని వెనక్కి తిరిగింది.

ఆ తరవాత చాన్నాళ్ళు స్కూలు తెరవలేదు, ఆ గదిలోనే గడియ పెట్టుకుని ఉండిపోయింది. నేర్చుకుంటున్నవాళ్ళు చూసి చూసి, పక్క వీధిలో కొత్తగా పెట్టిన స్కూలుకి పోయారు. నేను అన్నం పెట్టుకుని వెళ్ళి తలుపు కొడితే తీసేది, రెండు ముద్దలు తినేది, మాట్లాడేది కాదు. ఆవిడ మనసులో ఏముందో ఒక కానిస్టేబులు వచ్చిన రోజు తెలిసింది. అతను ఏదో పని మీద ఫోటో దిగడానికి నా దగ్గరికి వచ్చాడు. మాటల్లో ఆ ప్రమాదం సంగతి వచ్చింది. ఆ రోజు అక్కడ డ్యూటీ తనదేనన్నాడు. గోడ అవతల విందో ఏమో, బ్రేకక్క చెప్పులు కూడా లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బాబూ, ఒక్క మాట చెప్పు. బ్రేకు కొట్టిందా?"

అతను నా వైపు చూశాడు. నేను తలూపాను.

"కొట్టిందమ్మా. గట్టిగానే కొట్టింది. రోడ్డు మీద గీతలు చాలా దూరం ఉన్నాయి. వాన కదా, బండి జారిపోయింది. పక్కకి తిప్పాలని కూడా చూసింది పాపం."

"కొట్టిందన్నమాట" అని వెళ్ళిపోయింది.

అది విన్నాక కాస్త మనసు కుదుటపడుతుందనుకున్నాను. పొరపాటు. గోడ అవతల నుంచి ఏడుపు వినిపించింది. ఆ పిల్ల ఏదో తప్పు చేసి ఉంటుంది, ఆ తప్పేదో తను దిద్దకుండా వదిలేసి ఉంటుంది అని ఆవిడ ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు చూస్తే పిల్ల తప్పు లేదు. నేర్పినదంతా నేర్పినట్టే చేసింది. చేసినా పోయింది. తప్పు వెతుక్కోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

మర్నాడు స్కూలు తెరిచింది. కానీ మునుపటి మనిషి కాదు. రోడ్డు మీద ఎండుటాకు దొర్లినా పక్క సీటు నుంచి బ్రేకు పడేది. కూర్చున్నవాళ్ళ తల స్టీరింగ్‌కి తగిలేది. ఒక బ్యాంకు ఉద్యోగి విసిగిపోయి, "బండంతా మీరే ఆపేస్తుంటే నేను నడిపేదెప్పుడు మేడమ్?" అని దిగిపోయాడు. ఆవిడ అతన్ని ఆపలేదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం నర్సమ్మాయి తల్లి నా స్టూడియోకి వచ్చింది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి, రొప్పుతూ బల్ల మీద కూర్చుంది.

"మా అమ్మాయి లైసెన్సుకి ఫోటో ఇక్కడే దిగిందట. అది పెద్దది చేసి ఇస్తావా నాయనా? మిగతా వాటిలో దేన్లోనూ సరిగ్గా నవ్వలేదు."

ఇస్తానన్నాను. ఆవిడ ఇంకా లేవలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నేర్పినావిడ ఎక్కడుంటుంది?" అంది.

"పక్క గదే అమ్మా."

"ఇప్పుడు ఉందా?"

ఆ అడగడంలో ఏదో ఉంది. ఒంటరిగా పంపడం మంచిది కాదనిపించి నేనూ వెంట వెళ్ళాను. బ్రేకక్క బయట బండి తుడుస్తోంది. నేను చెప్పక ముందే ఎవరో గుర్తుపట్టింది. చేతిలో గుడ్డ జారి కిందపడింది.

తల్లి ఆవిడ వైపు చూడలేదు. బండి వైపు చూసింది. "ఇదేనా?"

"ఇదే అక్కా."

"ఎక్కడ కూర్చునేది?"

బ్రేకక్క డ్రైవరు వైపు తలుపు తెరిచింది. తల్లి మోకాళ్ళు వంచలేక నడుం పట్టుకుని, మెల్లగా లోపలికి ఒదిగింది. కాళ్ళు అందలేదు. బ్రేకక్క వంగి, సీటు కింద మీట లాగి, సీటుని ముందుకి జరిపింది. "మీ అమ్మాయికీ ఇంతవరకు జరిపేదాన్ని" అంది. తల్లి స్టీరింగ్ మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది. వేడిగా ఉన్న గిన్నె ముట్టుకున్నట్టు.

బ్రేకక్క పక్క సీట్లో కూర్చుంది. నన్ను వెనక కూర్చోమని తల్లే అంది. బండి కదల్లేదు, తాళం చెవి కూడా పెట్టలేదు. ముగ్గురం అలా కూర్చున్నాం.

"నేను దాని కారెక్కలేదు" అంది తల్లి. "ఒక్కసారీ ఎక్కలేదు. భయం నాకు. ఇంకొన్నాళ్ళు పోనీ, చెయ్యి తిరగనీ, అప్పుడెక్కుతాలే అన్నా. రోజూ అడిగేది." కాసేపాగి, కింద పక్క సీటు దగ్గరున్న బ్రేకు వైపు చూసింది. "అది నీదా?"

"అవును."

"ఆ రోజు నువ్వు పక్కనుంటే బండి ఆగేదా?"

ఏదో ఒక ఊరడింపు మాట చెబితే బాగుండుననిపించింది.

"ఆగేది కాదక్కా. మీ అమ్మాయి కాలు నాకంటే చురుకు. తన బ్రేకుకే ఆగని బండి నా బ్రేకుకి ఆగదు. నేనుంటే నేనూ పోయేదాన్ని, అంతే. పోయినా బాగుండేది."

తల్లి ఆ మాటకి తల తిప్పి, మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసింది. "నిజం చెప్పాలంటే నిన్ను తిట్టిపోద్దామని వచ్చా. పొద్దున్నించీ మాటలు కూడబలుక్కున్నా."

"తిట్టండి అక్కా."

"ఇప్పుడు రావడం లేదు."

అప్పుడు బ్రేకక్క, ఇన్నేళ్ళలో మాలో ఎవరికీ చెప్పనిది చెప్పింది. భర్త రొట్టెల వ్యానులో తనకి డ్రైవింగ్ నేర్పేవాడు. పొద్దున్నే సరుకు దింపి వచ్చాక, ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో. మంచివాడే కానీ పాఠం చెప్పేటప్పుడు నోటికి అదుపుండేది కాదు. క్లచ్ వదిలితే తిట్టు, వదలకపోతే తిట్టు. ఇంటికొచ్చాక ఇద్దరికీ మాటలుండేవి కావు. ఒక రోజు పాఠం మధ్యలో ఆయనకి గుండెలో నొప్పి వచ్చింది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. ఆవిడకి అప్పటికి మూడో గేరు కూడా సరిగ్గా రాదు, రోడ్డు ఎక్కిందే లేదు.

"పోనీ, పోనీ, నువ్వే పోనీ అన్నాడు. రోడ్డెక్కించా. నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా తిడుతూనే ఉన్నాడు. గేరు మార్చు, అద్దం చూడు, ఎడమకి తియ్యి, నీకు బుర్ర లేదా అని. అలా పోతుంటే కాసేపటికి తిట్టడం మానేశాడు. నాకేమనిపించిందో తెలుసా అక్కా? నేను బాగా నడుపుతున్నాననుకున్నా. ఇంక తిట్టడానికేమీ లేదు కాబట్టే ఊరుకున్నాడనుకున్నా. అంత భయంలోనూ లోపల ఎక్కడో కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆసుపత్రి ముందు ఆపి, చూశావా తీసుకొచ్చేశా అని పక్కకి తిరిగి చూశా."

ఆ తరవాత ఏం చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. తల్లి చెయ్యి చాచి, ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఎంతసేపు అలా ఉన్నారో. వెనక సీట్లో నేను నా మోకాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను.

పోయేటప్పుడు బ్రేకక్క అంది: "రోజూ మిమ్మల్ని బడి దగ్గర దింపుతానక్కా. మీ అమ్మాయికి అదొక్కటే కోరిక."

"వద్దు" అంది తల్లి. "అది మా అమ్మాయి చెయ్యాల్సిన పని. నువ్వు చేస్తే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది. నేను బస్సుకే పోతా."

అయినా ఆదివారాలు వచ్చేది. పెద్దగా మాటలేమీ ఉండేవి కావు. బ్రేకక్క బండి తుడుస్తుంటే తలుపు తెరుచుకుని డ్రైవరు సీట్లో కూర్చునేది. ఒకోసారి అక్కడే కునుకు తీసేది. నేను పెద్దది చేసి ఇచ్చిన ఫోటోకి డబ్బులు తీసుకోలేదని నాకొక ఉతికిన చేతిగుడ్డ తెచ్చి ఇచ్చింది, అంచుకి తనే కుట్టు వేసి.

బ్రేకక్క దగ్గర నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. కొత్త స్కూలులో ఏసీ బండ్లు, గేర్లు మార్చే పని లేని బండ్లు. మిగిలినవాళ్ళని ఆవిడ వానలో నడిపించేది, మసక చీకట్లో నడిపించేది. వానొస్తే పాఠం మానేసే అలవాటున్న వాళ్ళకి అది నచ్చలేదు. చివరికి, ఇంత పాత బండిని నేర్పడానికి వాడకూడదని రవాణా ఆఫీసు వాళ్ళు అనుమతి ఆపేశారు. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి గొలుసు కట్టి తీసుకుపోయారు. వీధిలో అందరం బయటికి వచ్చి నిలబడ్డాం. అత్తాకోడళ్ళలో అత్త అప్పటికే పోయింది. కోడలు కళ్ళు తుడుచుకుంది. లెక్కల మాస్టారు, "మొదటి మలుపు నాకు ఇంకా గుర్తే" అన్నారు. బ్రేకక్క బయటికి రాలేదు. ఆ ఆదివారం కూడా తల్లి వచ్చింది. బండి ఉండే చోట నేల మీద నూనె మరకలు చూసి, మెట్ల మీద కూర్చుని, కాసేపటికి లేచి వెళ్ళిపోయింది.

ఇంక రాదనుకున్నాం. కానీ మరుసటి ఏడాది మోకాళ్ళకి ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చినప్పుడు, తోడుండడానికి ఎవరున్నారని ఆసుపత్రివాళ్ళు అడిగితే, ఆవిడ బ్రేకక్క ఫోను నంబరు ఇచ్చింది. కూతురు పనిచేసిన ఆసుపత్రే. బ్రేకక్క బట్టలు సర్దుకుని వెళ్ళి అక్కడే ఉంది. లేపి కూర్చోబెట్టడం, తల దువ్వడం, కర్రల మీద నడిపించడం అన్నీ తనే చేసింది. నడిపించేటప్పుడు ఏమనేదో నేను చూడ్డానికి వెళ్ళిన రోజు విన్నాను. "తొందర లేదక్కా. ముందు చూడండి, తరవాత అడుగు వెయ్యండి." నాకు చెప్పిన గొంతే.

ఆ రోజు నర్సులు ముగ్గురు నలుగురు మంచం చుట్టూ చేరారు. అందరూ ఆ పిల్లతో కలిసి పనిచేసినవాళ్ళే. తల్లిని అమ్మా అనే పిలుస్తున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి బ్రేకక్కని చూసి, "ఈవిడెవరమ్మా, మీ చెల్లెలా?" అని అడిగింది.

తల్లే చెప్పింది. "మా అమ్మాయికి కారు నేర్పింది ఈవిడే." దాచుకోవాల్సిన మాటలా చెప్పలేదు, తప్పు పట్టినట్టూ చెప్పలేదు. బడిలో ఫలానా పిల్లకి టీచరమ్మ ఈవిడే అని చూపించినట్టు చెప్పింది.

ఆ నర్సు ముఖం మారింది. తరవాత ఆ అమ్మాయే, "తను మీ గురించి చాలా చెప్పేదండీ. ఏదో కాలు పడుకోవడం అని… మాకు అర్థమయ్యేది కాదు, తనొక్కతే నవ్వుకునేది" అంది. ఇంకాస్త ఆగి, మొహమాటంగా, "నాకూ నేర్పుతారా?" అని అడిగింది.

"బండి లేదమ్మా ఇప్పుడు" అంది బ్రేకక్క.

మంచం పక్కనున్న గ్లాసు తీసుకుని కడుక్కొస్తానని బయటికి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే నేను వెళ్ళి చూశాను. వరండా చివర కొళాయి దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. గ్లాసు ఎప్పుడో నిండిపోయింది. నీళ్ళు అంచుల మీదుగా ఆవిడ వేళ్ళ మీదికి పొర్లుతున్నాయి. నేను పిలవలేదు.